వాడు ఎప్పుడు లేచాడు? గ్రూప్ క్లాసులో కూర్చోకుండా లేచిపోయే ఒక బాబు కేసు

హైదరాబాద్‌లో చిన్నపిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను, అంటే తినడం, ఆడటం, కూర్చోవడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బంది పడే పిల్లలకి సాయం చేసే పని. ఈ కేసులో మొదటి మూడు వారాలు నేను తప్పు దారి పట్టాను. ఆ తప్పు నా తోటివాళ్లు కూడా తరచూ చేసేదే కాబట్టి రాసిపెడుతున్నాను. తల్లిదండ్రులు చదివి ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, కొన్ని తీసేశాను. బాబుని చిన్నోడు అంటాను, ఇంట్లో నాయనమ్మ పిలుపు అదే.

నేపథ్యం

మొదటిసారి వచ్చినప్పుడు చిన్నోడికి 2 ఏళ్ల 8 నెలలు. అపార్ట్‌మెంటులో పై అంతస్తు ఇల్లు. అమ్మానాన్న ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, తల్లి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నాయనమ్మ వాళ్లతోనే ఉంటుంది. నెలలు నిండాకే పుట్టాడు, ఎదుగుదలంతా వేళకే జరిగింది. పదకొండో నెలలో నడిచాడని తల్లి చెప్తుంటే నాయనమ్మ మధ్యలో అందుకుంది: "నడవలే మేడమ్, ఉరికిండు."

ఆ రోజు నా గదిలో వాడు చేసినవన్నీ ముందు కాగితం మీద పెట్టాను. పేరు పిలిస్తే చూశాడు. కిటికీ మీద పావురాన్ని వేలితో చూపించి, నేను చూశానో లేదో అని నా మొహం చూశాడు. ఖాళీ కప్పు నా నోటికి పెట్టి "వేడి, ఊదు" అన్నాడు. మూడు మాటల వాక్యాలు వస్తున్నాయి. ఎం-చాట్ అనే ఆటిజం స్క్రీనింగ్ ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లలకే పనికొస్తుంది, వీడు ఆ వయసు దాటాడు. అందుకని ఎదుగుదల పరీక్షకి పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. అక్కడ ఆందోళన పడాల్సిందేమీ కనబడలేదు. వినికిడి పరీక్ష కూడా చేయించాం, బాగానే ఉంది. చెవి సరిగ్గా వినబడని పిల్లాడు కూడా కూర్చోడు, అందుకే ఆ పరీక్ష ఎప్పుడూ వదలను.

తల్లి అసలు భయం ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవక, కుదురు లేకుండా ఉండే ఇబ్బంది. రాత్రిళ్లు ఫోన్లో చదివి వచ్చింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నాలుగేళ్ల వయసు నుంచే మొదలవుతాయని, ఈ వయసులో ఆ పేరు పెట్టడం గాని తీసేయడం గాని నా చేతిలో లేదని చెప్పాను. సగమే ఊరట పడింది.

వచ్చిన సమస్య

శనివారం ఉదయం పదిన్నరకి ఒక పాటలు-కథల క్లాసు. పదకొండు మంది పిల్లలు, పక్కన అమ్మలు, నలభై ఐదు నిమిషాలు. చిన్నోడు చాప మీద ఉండడు. లేచి గోడ దగ్గరికి, తలుపు దగ్గరికి, స్పీకరు దగ్గరికి పోతాడు. పట్టుకొస్తే ఏడుపు. నాలుగు వారాలయ్యాక టీచరు మర్యాదగానే చెప్పింది: "ఈ టర్మ్‌కి ఆపేసి, మూడు నిండాక తీసుకురండి."

"మిగతా పది మంది కూర్చుంటారు మేడమ్, వీడొక్కడే" అంది తల్లి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయనమ్మకి ఇదంతా వింతగా ఉంది. "మా కొడుకు గూడ గిట్లనే ఉండె. ఒక్క జాగల కూసుంటే జరమొచ్చిందేమో అని సూసేటోళ్లం." అత్తాకోడళ్ల మధ్య ఈ మాట అప్పటికే చాలాసార్లు నడిచిందని ఇద్దరి మొహాలూ చెప్పాయి.

క్లాసు మానేయడం కూడా ఒక దారే అని మొదటి రోజే చెప్పాను. రెండున్నరేళ్ల పిల్లాడికి శనివారం క్లాసు లేకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు. జాతీయ విద్యా విధానం 2020లో పునాది దశ మొదలయ్యేదే మూడేళ్లకి, అది కూడా ఆటతో. ఆమె కాసేపు ఆలోచించి, "వారమంతా నేను లాప్‌టాప్ ముందే ఉంటా. ఆ ముప్పావు గంటే వాడూ నేనూ" అంది. మానేయడం గురించి నేను మళ్లీ ఎత్తలేదు. పని ఎక్కడ పెట్టాలో ఆ మాటతో తేలింది.

మొదట చేసింది, అది ఎందుకు తప్పింది

నా గదిలో చిన్నోడు సోఫా చేతి మీంచి దూకుతాడు, గోడకి ఒరిగి వీపు రుద్దుకుంటాడు, బరువైన బంతిని కావాలని ఎత్తుతాడు. కదలిక కోసం, ఒత్తిడి కోసం వెతుక్కునే ఒళ్లు అనుకున్నాను. గాలి నింపిన మెత్త ఇచ్చాను, దాని మీద కూర్చుంటే ఒళ్లు కొద్దిగా ఊగుతుంది. ఒడిలో పెట్టుకునే బరువు దిండు ఇచ్చాను. ఇంట్లో రోజూ టైమర్ పెట్టి రెండు నిమిషాల నుంచి మొదలుపెట్టి కూర్చోవడం అలవాటు చేయమన్నాను, కూర్చున్నప్పుడల్లా ఒక స్టిక్కరు.

మెత్త రెండో రోజుకే ఫ్రిస్బీ అయింది. బరువు దిండుని వాడు బొమ్మ కారుకి స్పీడ్ బ్రేకరు చేశాడు. స్టిక్కర్లు చార్టు మీద కంటే వాడి పొట్ట మీదే ఎక్కువ కనిపించాయి. టైమర్ సంగతి ఇంకా అధ్వానం. గంట మోగితే వదిలేస్తారని రెండు రోజుల్లో పట్టేశాడు. ఇక కూర్చోవడమంటే గంట కోసం ఎదురుచూడటమే. మూడో వారానికి చాప చూడగానే "వద్దు" అని తలుపు వెనక దాక్కున్నాడు. అంతకుముందు క్లాసులో ఏడ్చేవాడు, ఇప్పుడు ఇంట్లో కూడా మొదలైంది.

ఇప్పుడు చేసిన పనికి రేపు దొరికే బహుమతిని ముడిపెట్టుకునే బుద్ధి రెండున్నరేళ్లకి రాదు. ఇది నాకు తెలియని విషయం కాదు. మరి ఎందుకిచ్చాను? ఏడుస్తున్న తల్లిని ఖాళీ చేతులతో పంపలేకపోయాను. చార్టు, మెత్త, దిండు, అన్నీ ఆవిడ చేతిలో పెడితే నాకు పని చేసినట్టు అనిపించింది. ఆ సామాన్లు ఒక పెద్దమనిషి బెంగ తీర్చడానికి ఇచ్చినవి, వాటిని మోసింది పిల్లాడు.

ఇంట్లోవాళ్లు సొంతంగా ప్రయత్నించింది ఇంకొకటి ఉంది: బుద్ధిగా ఉంటే తిరిగి వచ్చేటప్పుడు కారులో ఫోను. దాని ఫలితం ఒక్కటే, క్లాసులో పదో నిమిషం నుంచే "ఫోను, ఫోను" అనే అడుగులాట.

వీడియో మళ్లీ చూడటం

తల్లి మొదటి వారమే ఒక వీడియో ఇచ్చింది. క్లాసులో ఎవరో ఫోను స్టాండుకి పెట్టి తీసింది, 42 నిమిషాలు. మొదటిసారి నేను చిన్నోడినే చూశాను. పథకం చెడ్డాక రెండోసారి గడియారం, కలం పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు లేచాడనే లెక్క పక్కన పెట్టి, లేచిన క్షణంలో గదిలో ఏం జరుగుతోందో రాసుకున్నాను.

పద్నాలుగుసార్లు లేచాడు. అందులో తొమ్మిది, ఏమీ జరగని సమయంలో. పదకొండు మందినీ ఒక్కొక్కరి పేరుతో పలకరించే పాట ఉంది. ఒక్కొక్కరికీ అర నిమిషం పైనే పడుతుంది. చిన్నోడి వంతు తొమ్మిదోది. గిలక్కాయలు పంచడానికి రెండు నిమిషాలు, వెనక్కి తీసుకోవడానికి ఇంకో మూడు, ఎందుకంటే ఎవరూ ఇవ్వరు. మూడుసార్లు కథ చెప్తున్నప్పుడు, పుస్తకం వేరే పిల్లల తలల వెనక ఉన్నప్పుడు. రెండుసార్లు తలుపు తెరుచుకున్నప్పుడు. డప్పు కొట్టేటప్పుడు, గుండ్రంగా నడిచేటప్పుడు, గుడ్డని అందరూ పట్టుకుని ఊపేటప్పుడు ఒక్కసారి కూడా గుంపు వదల్లేదు.

మిగతా పది మంది సంగతీ చూశాను. ఏ నిమిషంలో చూసినా ముగ్గురో నలుగురో నిలబడే ఉన్నారు. వాళ్ల అమ్మలు చడీచప్పుడు లేకుండా జరిగి సర్దుకున్నారు. చిన్నోడు దూరంగా పోతాడు, గట్టిగా అరుస్తాడు, కాబట్టి వాడొక్కడే కనబడ్డాడు.

ఇంకొకటి నన్ను బాగా కుదిపింది. వాడు లేవబోతుంటే తల్లి వెనక నుంచి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంటోంది, మొత్తం ఎనిమిదిసార్లు. ఏడుసార్లు కాళ్లు విదిలించడం, ఏడుపు ఆ తర్వాతే మొదలయ్యాయి. వదిలేసిన ఒక్కసారి గోడ దాకా వెళ్లి, గోడకి ఆనుకుని, పాటలోని చేతి కదలికలన్నీ చేశాడు. మొహం కిటికీ వైపు, చేతులు మాత్రం పాటతోనే. అంటే వింటున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో పాట మొత్తం పాడాడని తల్లి ఎప్పుడో చెప్పింది. అప్పుడు నేను రాసుకోలేదు.

ఇంటి డైరీ

ఒక వారం పాటు రోజు ఎలా గడుస్తుందో గంటల వారీగా రాయమన్నాను. ఇది మొదటి రోజే అడగాల్సింది. శనివారం ఉదయం ఇలా ఉంది: ఎనిమిదిన్నర నుంచి హై చైర్‌లో బెల్టుతో టిఫిను, ఫోనులో బొమ్మలు, యాభై నిమిషాలు. స్నానం, బట్టలు. ఆ తర్వాత ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు కార్ సీట్లో. లిఫ్టు ఎక్కి నేరుగా చాప మీదికి. గంటన్నర బెల్టులో ఉన్న పిల్లాడిని ఇంకో ముప్పావు గంట కదలకుండా ఉండమంటున్నాం. ఈ వయసు పిల్లలు రోజులో 180 నిమిషాలైనా కదలాలని, ఒకేసారి గంటకి మించి కట్టిపెట్టి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చిన్నోడు మామూలు రోజున ఒళ్లు కదిల్చి ఆడింది గంటా పావు. పై అంతస్తు, ఎండ, కింద పార్కింగులో కార్ల భయం, అన్నీ కారణాలే.

హై చైర్ వెనక ఒక కథ ఉంది. అంతకుముందు నాయనమ్మ కారిడార్‌లో తిప్పుతూ, పావురాలు చూపిస్తూ తినిపించేది. కూర్చునే తినాలని ఎక్కడో చదివి కోడలు ఆపించింది. నోట్లో ముద్దతో పరిగెత్తితే గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది, కాబట్టి కోడలి మాటా తప్పు కాదు. అయితే నడక పోయింది, దాని చోట్లోకి ఫోను వచ్చింది.

డైరీలో ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. పాలు రోజుకి నాలుగు సీసాలు, తొమ్మిది వందల మిల్లీలీటర్ల దాకా. నిద్ర పగలూ రాత్రీ కలిపి పది గంటల లోపే, ఈ వయసుకి పదకొండైనా కావాలి. రాత్రంతా కాళ్లు కొట్టుకుంటాడట. పాలతో కడుపు నిండితే అన్నం, పప్పు, ఆకుకూర లోపలికి పోవు, ఇనుము తగ్గుతుంది. మళ్లీ పిల్లల డాక్టరుకి రాశాను. హిమోగ్లోబిన్ తక్కువ, 9.6. ఒంట్లో ఇనుము నిల్వని చెప్పే ఫెరిటిన్ కూడా బాగా తక్కువ. ఇనుము సిరప్ మొదలుపెట్టారు, పాలు సగానికి తగ్గించి సీసా బదులు గ్లాసులో ఇమ్మన్నారు. ఇది అరుదైన సంగతేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత తేలింది. ఐటీ జీతాల ఇంట్లో ఉండదనుకోవడం నా పొరపాటు. ఇనుము తక్కువైన పిల్లల్లో చిరాకు, నిద్రలో కుదురు లేకపోవడం మేం తరచూ చూసేవే.

డైరీ చూసి మాట్లాడుకుంటుంటే నాయనమ్మ ఒక మాట అంది: "కూసోడు, కూసోడు అంటరు గని, గోకరకాయ తుంపేటప్పుడు కూసుంటడు మేడమ్." వీడియో తీసి పంపమన్నాను. వంటింటి గడప దగ్గర గోకరకాయల (గోరుచిక్కుడు) గిన్నె, రెండు వైపులా ఇద్దరు. పటుక్కున విరవడం, గిన్నెలో వేయడం, నాయనమ్మ మొహం చూడటం. పన్నెండు నిమిషాలు. నేను టైమర్ పెట్టి రెండు నిమిషాలు తెప్పించలేకపోయిన పిల్లాడు ఇతనే. ఆ ఇంట్లో కూర్చోవడం అప్పటికే ఉంది. చాప మీద జరగలేదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఏది పనిచేసింది

పాత పథకం మొత్తం తీసేశాం. చార్టు చింపేయమని నేనే చెప్పాను. ప్రశ్నని కూడా మార్చుకున్నాను: ఖాళీ సమయంలో వాడి చేతులకి ఏం పని ఇవ్వాలి?

శనివారం ఉదయం ముందు మారింది. టిఫిను కింద పీట మీద, ఫోను లేకుండా, నాయనమ్మతో, పావుగంటలో ఎంత తింటే అంత. బయల్దేరడం ముందుకు జరిపి, క్లాసు పక్కన ఉన్న పార్కులో ఇరవై నిమిషాలు. క్లాసు మూడో అంతస్తులో, లిఫ్టు బదులు మెట్లు. నీళ్ల సీసా, రెండు పుస్తకాలు ఉన్న సంచి వాడి భుజానే. బరువు మోయడం, మెట్లెక్కడం తర్వాత చాలామంది పిల్లలు కాస్త నిమ్మళిస్తారు. దీనికి గట్టి పరిశోధన ఉందని గొప్పలు చెప్పను, ఖర్చు లేదు, హాని లేదు కాబట్టి వాడతాను.

తర్వాత టీచరు. తల్లి అనుమతితో నేనే ఫోన్ చేశాను. జబ్బు పేరుతో ఉత్తరం పంపితే పిల్లాడి మీద ముద్ర పడుతుంది, పైగా రాయడానికి జబ్బూ లేదు. ఒక్కటే అడిగాను: గిలక్కాయలు వాడితో పంచించగలరా? "ఒక్కడికిస్తే అందరూ అడుగుతారు మేడమ్" అంది. న్యాయమే. పదకొండు మంది పిల్లలు, పదకొండు మంది అమ్మలు, ఆవిడ ఒక్కతే. రెండు వారాల తర్వాత ఆవిడే దారి కనిపెట్టింది, వారానికి ముగ్గురు పిల్లలు పంచడం, ముగ్గురు బుట్టలో వెనక్కి తేవడం. పలకరింపు పాటలో కూడా ఇద్దరిద్దరి పేర్లు కలిపేసింది. ఖాళీ సమయం సగానికి సగం తగ్గింది. దాంతో చిన్నోడితో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా కుదురుకున్నారని ఆవిడే చెప్పింది.

మూడోది తల్లి చేతులు. అందరికంటే ఆమెకే కష్టమైంది. వాడి వెనక కాకుండా పక్కన కూర్చోవాలి, చేతులు తన మోకాళ్ల మీదే ఉండాలి. గోడ దగ్గర నేల మీద రంగు టేపుతో ఒక చదరం వేయించాం, వాడు లేస్తే పోవడానికి ఒప్పుకున్న చోటు. అక్కడ నిలబడొచ్చు, ఊగొచ్చు. తలుపు దాకా పోతేనే ఆమె లేస్తుంది, పిలవదు, చేయి అందిస్తుంది. "అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపిస్తుంది" అంది. చూస్తారు, మూడు వారాలు చూస్తారు అన్నాను.

మొదటి నాలుగు వారాలు ఇరవయ్యో నిమిషానికే బయటికి. ఏడ్చాక బయటికి తీసుకెళ్తే, బయటికి పోవాలంటే ఏడవాలని నేర్చుకుంటాడు. అందుకే బాగున్నప్పుడే లేచి, టాటా చెప్పించి వచ్చేయడం. సగం ఫీజు వృథా అని తండ్రి గొణిగాడు. ఐదో వారం నుంచి ఐదేసి నిమిషాలు పెంచాం.

ఇంట్లో పని నాయనమ్మకి అప్పజెప్పాను. గుడుగుడు గుంచంలో పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వంతు కోసం ఆగాలి. స్టీలు పళ్లెం మీద గరిటె మోగినంతసేపు గంతులు, ఆపగానే బొమ్మలా నిలబడాలి. ఎదురుచూడటం, ఆగడం, ఈ రెండే వాడికి కావాల్సినవి, అవి మన ఆటల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఇక గోకరకాయలు లేని రోజు తోటకూర ఆకులు కోయడం.

ఏడో వారంలో నాయనమ్మ ఊరికి వెళ్లింది, మూడు వారాలు. రెండు శనివారాలు మళ్లీ మొదటికొచ్చాయి, ఒకరోజు పది నిమిషాలకే బయటికొచ్చేశారు. తల్లి ఫోన్ చేసి "అంతా పోయింది మేడమ్" అంది. పీట, పార్కు, మెట్లు ఉంచి మిగతావన్నీ వదిలేయమన్నాను. ఎనిమిది పనులు సగం సగం చేయడం కంటే మూడు సరిగ్గా చేయడం నయం.

పద్నాలుగో వారం వీడియోలో లేచింది ఐదుసార్లు, మూడు కథ దగ్గరే. ఏడుపు లేదు. క్లాసు మొత్తం ఉన్నాడు, అందులో పావు వంతు టేపు చదరంలో నిలబడి. హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది, నిద్ర పదకొండు గంటలు.

వీటిలో ఏది పనిచేసింది? సిరప్పు, మెట్లు, గిలక్కాయల బుట్ట ఇంచుమించు ఒకే నెలలో మొదలయ్యాయి, కాబట్టి విడదీసి చెప్పలేను. రెండో వారం నుంచే ఏడుపు తగ్గింది. ఇనుము పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ మార్పు ఎక్కువగా చేతులు తీసేయడం వల్లే అనుకుంటాను. నిద్ర మెరుగు మాత్రం ఆలస్యంగా వచ్చింది, అది సిరప్పుదై ఉండొచ్చు.

నాలో మారినవి

ఇప్పుడు "కూర్చోడు" అని వచ్చిన ఏ పిల్లాడికీ వీడియో, వారం డైరీ లేకుండా ఏమీ ఇవ్వను. ఎంతసేపు కూర్చుంటాడని అడగడం తగ్గించాను. ఏ క్షణంలో లేచాడు, అంతకు ముందు ఒకటి రెండు గంటలు ఎక్కడున్నాడు, ఇంట్లో దేని ముందు కూర్చుంటాడు, ఇవి అడుగుతాను. మూడోదానికి జవాబు తరచూ తల్లిదండ్రుల దగ్గర ఉండదు, ఇంట్లో పెద్దావిడ దగ్గరో పనిమనిషి దగ్గరో ఉంటుంది. వాళ్లనీ గదిలోకి పిలుస్తాను.

ఆ పావురాన్ని చూపించకపోయినా, పేరుకి పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా నా దారి వేరేగా ఉండేది. మెట్లూ పీటలతో ఒక్క వారం కూడా గడపకుండా పూర్తి పరీక్షలకి పంపేదాన్ని. ప్రైవేటు ఫీజులు భరించలేనివాళ్లకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద జిల్లా స్థాయిలో నడిచే ప్రారంభ చికిత్సా కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీకి వచ్చే ఆరోగ్య బృందం ద్వారా గాని, జిల్లా ఆసుపత్రిలో అడిగి గాని వెళ్లొచ్చు.

చిన్నోడికి మొన్న మూడు నిండాయి. ప్లే స్కూలు దరఖాస్తులో "ఒకచోట ఎంతసేపు కూర్చోగలడు" అని ఒక గడి ఉందట. ఏం రాయమంటారని తల్లి మెసేజ్ పెట్టింది. గోకరకాయలుంటే పన్నెండు నిమిషాలు అని రాయమన్నాను, నవ్వులాటకే. ఆవిడ నిజంగానే రాసి ఇచ్చింది.